అమ్మవారు ఏడుసార్లు నవ్వింది

బావోజూకి ఉన్నన్ని సాధనలు తైనాన్ ఊళ్ళో ఏ సన్యాసికీ లేవు. తెల్లవారగానే వేలికి తగిలించుకున్న లెక్కమీట నొక్కుకుంటూ బుద్ధనామం వెయ్యిసార్లు. తర్వాత పార్కులో చెట్టుకెదురుగా చేతులు చాపి, తావో గురువు చెప్పినట్టు అరగంట నిలబడడం. బుధవారం సాయంత్రం కేథలిక్ చర్చిలో మౌనప్రార్థన. శనివారం ఒక జపాన్ ఆవిడ దగ్గర టీ గిన్నెను తిప్పి తిప్పి తాగడం. పాడ్యమికీ పున్నమికీ శాకాహారం. ఇదంతా నిత్యజీవితం కోసమేనని అందరికీ చెప్పేది. ఆ నిత్యజీవితం మాత్రం మొగుడు చెంగ్‌త్సాయ్ నెత్తిన పడింది. వంటా, బట్టలూ, చెత్తబండి పాట వినపడగానే సంచులు పట్టుకుని వీధిలోకి పరిగెత్తడమూ, అన్నీ అతనే.

చెల్లెలు యున్‌హ్వేతో ఆమెకు నాలుగేళ్ళుగా మాటల్లేవు. తల్లి పోయినప్పుడు, క్రైస్తవంలో కలిసిన యున్‌హ్వే శవపేటిక ముందు అగరొత్తి పట్టుకోలేదు. తలవంచి నిలబడి ఏడ్చిందంతే. చివరి రెండేళ్ళూ తల్లికి స్నానం చేయించిందీ, గంజి తాగించిందీ, మంచంమీద దుప్పట్లు మార్చిందీ ఆ పిల్లే. అయితేనేం, అగరొత్తి అగరొత్తే కదా! బావోజూ నలుగురి ముందూ చెల్లెల్ని కడిగిపారేసింది. రెండేళ్ళ తర్వాత, మౌనప్రార్థన మనసుకు మంచిదని ఎవరో చెబితే తనే చర్చి మెట్లెక్కింది. "అది వేరు" అంది మొగుడితో. ఏది వేరో అతను అడగలేదు. అడిగితే ఒక గంట వినాలి.

సోమవారం పొద్దున్న ఫోన్ మోగింది.

"అక్కా, నేనే. కడుపులో గడ్డట. గురువారం ఆపరేషన్. పక్కన ఇంటిమనిషి ఉండాలంటున్నారు."

"మీ చర్చివాళ్ళున్నారుగా."

"వస్తారు. పాడతారు. పోతారు. జీతానికి మనిషి దొరుకుతుందిలే. కానీ భయంగా ఉందక్కా. నువ్వొస్తావా?"

"చూసి చెప్తా" అని పెట్టేసింది బావోజూ.

"చూడ్డానికేముందే?" అన్నాడు చెంగ్‌త్సాయ్ వంటింట్లోంచి. "రైలెక్కితే గంటలో కావ్‌షియుంగ్‌లో మీ చెల్లెలి దగ్గరుంటావు. బట్టలు సర్దనా?"

"అన్నీ నీకు తేలికే. ఇలాంటివి దేవుణ్ణి అడిగి చెయ్యాలి."

నిజానికి వెళ్ళడం ఆమెకు ఇష్టంలేదు. వెళితే, ఆ రోజన్న మాటలు తప్పని ఒప్పుకున్నట్టే. వెళ్ళకపోతే, ఇన్నేళ్ళు పోగేసిన మంచితనం మట్టిగొట్టుకుపోతుంది. వెళ్ళకూడదు, చెడ్డమనిషీ కాకూడదు. ఈ రెండూ కలిసొచ్చే దారి చూపించే దేవుడి కోసం ఆమె ఊరుమీద పడింది.

మంగళవారం బౌద్ధ సన్యాసినిని అడిగింది. ఆవిడ కథంతా విని, "మనసులో బిగిసిన ముడిని విప్పుకోమ్మా" అంది. బంధాలు తెంచుకోమన్నారని బావోజూ అర్థం చేసుకుని, కళ్ళు తుడుచుకుని వచ్చేసింది.

బుధవారం పొద్దున్న మాజూ అమ్మవారి గుడికి వెళ్ళింది. అక్కడ అడగడమంటే, నెలవంకల్లాంటి రెండు ఎర్రచెక్కలు నేలమీదికి వదలడమే. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే అమ్మ సరేనన్నట్టు. రెండూ బోర్లా పడితే కాదన్నట్టు. రెండూ వెల్లకిలా పడితే నవ్విందన్నట్టు, మళ్ళీ అడగాలి. పెద్ద విషయమైతే వరసగా మూడు సరేలు రావాలి.

"నేను వెళ్ళకపోయినా తప్పులేదు కదా తల్లీ?" అని వదిలింది. అమ్మవారు నవ్వింది. మళ్ళీ వదిలింది. మళ్ళీ నవ్వింది. పేరూ చిరునామా విడమర్చి చెప్పి వదిలింది. అలా ఏడుసార్లు.

అగరొత్తుల బూడిద ఎత్తుతున్న గుడి ముసలాయన చూసి చూసి, "చాలమ్మా, ఆ తల్లికి దవడలు నొప్పెడతాయి" అన్నాడు.

"చెక్కలు అరిగిపోయాయి తాతా. కొత్తవి పెట్టించండి" అని విసురుగా బయటికొచ్చింది.

ఆ సాయంత్రం చర్చిలో ఫాదర్ క్షమ గురించి మాట్లాడాడు. బావోజూ కళ్ళుమూసుకుని ఇరవై నిమిషాల్లో చెల్లెల్ని పూర్తిగా క్షమించేసింది. మనసులోనే అయిపోయింది కాబట్టి, దానికోసం కావ్‌షియుంగ్ దాకా పోవాల్సిన పని కనబడలేదు. ఇంటికొస్తూ సందు మొగలో భూమితాత చిన్న గుడి దగ్గర ఆగి, అదే మాట అడిగి చెక్కలు వదిలింది. మొదటిసారి సరే. రెండోసారి సరే. మూడోసారి ఒక చెక్క బోర్లా పడింది, రెండోది దొర్లుకుంటూ వెళ్ళి బల్లకాలికి ఆనుకుని నిలబడింది. అటూ కాదు, ఇటూ కాదు. బావోజూ చుట్టూ చూసి, చెప్పు మొనతో దాన్ని కాస్త తాకింది. చెక్క వెల్లకిలా పడింది. భక్తిగా మూడుసార్లు వంగింది.

"దేవుడు వద్దన్నాడు. ఇక్కణ్ణుంచే నీకోసం పదివేల జపం చేస్తున్నా" అని చెల్లెలికి మెసేజ్ పెట్టింది. జవాబు రాలేదు.

"పోనీ నేను వెళ్తా" అన్నాడు చెంగ్‌త్సాయ్.

"ఆడవాళ్ళ వార్డులో నువ్వేం చేస్తావు?"

"నువ్వు చెయ్యనిదేదో చేస్తా" అన్నాడు. ఆమె వెళ్ళనివ్వలేదు. ఆ పూట అతను ఆమెకు కూర వడ్డించలేదు.

గురువారం గడిచింది. శుక్రవారమూ గడిచింది. జపం మాత్రం సాగలేదు. మీట నొక్కినప్పుడల్లా బుద్ధుడి బదులు "భయంగా ఉందక్కా" అన్న గొంతే వినబడింది. చిన్నప్పుడు ఉరుములకి తన చెయ్యి పట్టుకునే పిల్ల అది. శనివారం టీ మానేసి, మెడలో పూసలదండతో, చేతిలో జపఫలం చెల్లెలికే చెందాలని రాసిన పసుపు కాగితంతో, బావోజూ రైలెక్కింది.

వార్డులో మూడు మంచాలు. పక్క మంచం పేషెంటు కూతురు దూదితో యున్‌హ్వే పెదాలు తడుపుతోంది. యున్‌హ్వే ముఖం సగమైపోయింది. అది చూడగానే బావోజూ కాగితంమీది మాటలన్నీ మర్చిపోయింది.

"యున్‌హ్వే..."

చెల్లెలు కళ్ళు తెరిచింది. పూసలదండ చూసింది, పసుపు కాగితం చూసింది, అక్క ముఖాన్ని చాలాసేపు చూసింది. తర్వాత, మందులు సర్దుతున్న నర్సువైపు తిరిగింది.

"పొద్దుట్నుంచీ మూడు జట్లొచ్చాయమ్మా, ప్రార్థన చేస్తామని. ఈమెక్కూడా చెప్పండి, నాకు వద్దని."

"నేను దాని అక్కని!" అంది బావోజూ.

నర్సు ఫైలు తిరగేసింది. "ఇంటివాళ్ళు ఎవరూ లేరని రాసిచ్చారండీ. సంతకం కూడా పక్క మంచం అమ్మాయే పెట్టింది."

బావోజూ చెల్లెలివైపు చూసింది. గుర్తుపట్టని చూపు కాదది. సిగ్గుతో బావోజూ పసుపు కాగితాన్ని వెనక్కి దాచుకుంది. నర్సు ఆమె మోచెయ్యి పట్టుకుని మెల్లగా లిఫ్టు దాకా తీసుకొచ్చింది.

"ఏమీ అనుకోకండమ్మా" అంది మర్యాదగా. "కింద ప్రార్థన గది ఉంది. అన్ని మతాలవాళ్ళకీ పనికొస్తుంది."