టీకా తాత్పర్యం

కంప్యూటరుకు టీకా వేస్తానని మరిది వచ్చిన రోజు ఆమె అతనికి రెండుసార్లు టీ ఇచ్చింది. ఇంట్లోనే కూర్చుని పుస్తకాల ప్రూఫులు దిద్దడం ఆమె పని. ఎవరెవరో పంపే ఫైళ్లు తెరిచి తెరిచి, వైరస్‌లు చేరి మిషను నత్తనడక పట్టింది.

"పైసా ఖర్చు లేదు వదినా," అన్నాడు మరిది. కంప్యూటర్లు బాగుచేయడమే అతని బతుకుతెరువు. "మిషనుతో పాటు వచ్చిన కాపలా ప్రోగ్రాం ఉందే, దాన్ని ఆపేస్తున్నా. కాపలావాళ్లు ఇద్దరుంటే వాళ్లలో వాళ్లే కొట్టుకు చస్తారు. నా టీకా ఒక్కటి చాలు."

తెర మూలన పచ్చటి డాలు బొమ్మ వెలిగింది. దాన్ని చూసుకుని ఆమె నిశ్చింతగా ఉండేది.

ఆ నిశ్చింతతోనే అచ్చాఫీసులో ఉద్యోగానికి మెయిలు పెట్టింది. ఇంట్లో చెప్పలేదు. పదకొండేళ్లుగా ఒక చెవి కుక్కరు మీద, ఒక కన్ను అక్షరాల మీద వేసి పని చేసిన మనిషి. నలుగురి మధ్య తనకంటూ ఒక కుర్చీ కావాలనిపించింది. వాళ్లు పిలిచారు, మాట్లాడారు, కబురు చేస్తామన్నారు. పది రోజులైనా ఉలుకూ పలుకూ లేదు. ఉండబట్టలేక తనే వెళ్లింది.

"చేరమని మెయిలు పెడితే మీరే రానన్నారు కదమ్మా?" అంది అచ్చాఫీసు యజమానురాలు, కళ్లద్దాల మీదుగా చూస్తూ.

"నేనా!"

ఆవిడ తెర ఇటు తిప్పింది. ఆమె మెయిలు నుంచి వెళ్లిన ఉత్తరమే. 'ఇంటి ఇబ్బందుల వల్ల చేరలేను. కృతఙ్ఞతలు.'

దిద్దే అలవాటున్న కన్ను ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయింది. 'జ' ఉండాల్సిన చోట 'ఙ' తిష్ఠ వేసింది. ఆ మాటను అలా రాసే మనిషి ఆమె ఎరిగినంతలో ఒక్కడే. ఎన్నిసార్లు దిద్దినా, "అర్థమైందిగా, చాల్లే" అని నవ్వేసే తన మొగుడు.

"ప్రూఫులు దిద్దే మనిషి ఇలా రాస్తుందా అని నాకూ అనుమానమే," అంది యజమానురాలు, మరిది వేసిన టీకా సంగతి విన్నాక. "మీ మిషనులో దొంగను పెట్టి, పాస్‌వర్డ్ పట్టి, మా మెయిలు మీకు కనబడకుండా చెరిపేసి ఉంటారు. ముందు ఇక్కడే నా మిషను మీద మీ పాస్‌వర్డ్ మార్చండి. ఇంట్లో మారిస్తే కొత్తదీ వాళ్ల చేతికే పోతుంది. తర్వాత ఇంటికెళ్లి, మిషనుతో వచ్చిన కాపలాని లేపి, అప్‌డేట్ చేసి, మూలమూలా వెతికించండి. అదీ ఊరికే వచ్చేదే. సోమవారం వచ్చి చేరండి."

వెతుకులాట రెండు గంటలు సాగింది. ఎర్రటి గీతతో బయటపడిన దొంగ ఆ పచ్చ డాలే. ఆమె నొక్కిన ప్రతి అక్షరాన్నీ రాసుకుని, రోజూ సాయంత్రం భర్తకు పంపుతోంది.

మరిదికి ఫోను చేసింది.

"అన్నయ్యే పెట్టమన్నాడు వదినా. ఎవరికేం రాస్తున్నావో చూడాలన్నాడు. నాదేం లేదు."

"టీకా అన్నావు కదయ్యా."

"ఏదైనా ఉంటే అన్నయ్యనే అడుగు," అన్నాడు మరిది.

"నా బతుకంతా టీకా తాత్పర్యాలతో సహా మీ అన్నకు అప్పజెప్పావు. పైగా రెండు టీలు తాగావు," అని ఫోను పెట్టేసింది. ఆ డాలును తొలగించేసింది.

ఉద్యోగం మాట అటుంచి, ఆమె గుండె కోసింది ఇంకొకటి. మణికట్టు నొప్పిగా ఉందని అక్కకు రాసిన మర్నాడే భర్త అడక్కుండా మందు తెచ్చాడు. చెప్పకుండానే తన మనసు తెలుసుకున్నాడని ఎంత మురిసిపోయింది! ఆ మురిపెం కూడా అక్కకు రాసింది. అదీ చదివే ఉంటాడు.

సాయంత్రం భర్త వచ్చాడు.

"సోమవారం నుంచి అచ్చాఫీసుకు వెళ్తున్నాను," అంది.

"అదెలా? నువ్వు రానని..." అని నాలుక కరుచుకున్నాడు.

"చెప్పండి. రానని?"

అతను చెప్పులు విప్పుతూ అలాగే వంగి ఉండిపోయాడు. "నీ మంచికే చేశాను. బయట రోజులు బాలేవు."

చెప్పులు పక్కన పెట్టి అతనే, "మెయిలు తెరుచుకోవడం లేదు. పాస్‌వర్డ్ మార్చావా?" అన్నాడు.

"ఎవరి మెయిలండీ?" అంది ఆమె.