మామూలు అన్న మాటకు ఏడు కార్డులు

“ఏముందే, మామూలే. మీ వదిన బట్టలు మడతపెడుతోంది,” అన్నారు అత్తగారు ఫోన్లో కూతురితో. ఆ వదినగారు చేతిలో చొక్కాను అలాగే వదిలేసి, చిన్న కార్డు తీసి ఆ మాట రాసుకుంది. అన్నది అత్తగారు, ఆడపడుచుతో, కోడలి గురించి అని వెనక వైపు కూడా రాసింది.

ఆమె ఉద్యోగం నిఘంటువు ఆఫీసులో. అక్కడ పెద్ద సంపాదకుడిది ఒకటే పట్టుదల: ఉదాహరణ వాక్యం కల్పించి రాయకూడదు, చెవిన పడిందే రాయాలి, ఎవరు ఎవరితో అన్నారో వెనక ఉండాలి. ఈ వారం ‘మామూలు’ వంతు వచ్చింది. అందులో లంచం అన్న అర్థాన్ని పక్క టేబుల్ ఆయన ఎగిరి గంతేసి తీసుకున్నాడు. రోజూ ఉండేది, చెప్పుకోదగ్గది కానిది అన్న అర్థం ఈమెకు మిగిలింది. శనివారం లోపు కార్డులు బాగా కుదిరితే తర్వాతి సంపుటం బాధ్యత ఆమెదే. పదకొండేళ్లుగా ఆమె కోరుకున్న కుర్చీ అది. కాకపోతే రోజూ ఏడింటిదాకా ఉండాలి. ఆ సంగతి ఇంట్లో ఎత్తడానికి ఇంకా నోరు రాలేదు.

వాక్యాల కోసం ఊరంతా తిరగాల్సిన పని లేకపోయింది. మంగళవారం ఆమె ఒళ్లు కాలిపోతుంటే భర్త, “మామూలు జ్వరమేగా, ఆ టీ ఏదో పెట్టేసి పడుకో” అన్నాడు. ఆమె ఏం చేస్తుందని స్నేహితుడెవరో అడిగితే, “మామూలు ఉద్యోగమేరా, ఏవో కార్డులు రాస్తుంది” అన్నాడు. కూర ఏంటని తండ్రి అడిగితే కూతురు మూత తీయకుండానే “మామూలే” అంది. ఆ మూత కింద ఉన్నదాని కోసం ఆమె పొయ్యి దగ్గర గంటన్నర నిలబడింది. ఎవరూ కోపంగా అనలేదు. తిట్టినా బాగుండేది, తిట్టడానికైనా మనిషి వైపు చూడాలి కదా.

పెళ్లైన కొత్తలో ఒక మధ్యాహ్నం ఆమె సూదిలోకి దారం ఎక్కిస్తుంటే అతను గుమ్మంలో నిలబడిపోయాడు. “ఏంటలా చూస్తున్నారు?” అంటే, “ఏం లేదు, దారం ఎక్కిస్తున్నావని” అన్నాడు. అంతే. నగలు, షికార్లు ఆమెకేం అక్కర్లేదు. ఏ ప్రత్యేకతా లేని పని చేస్తుండగా ఎవరైనా మరొక్కసారి అలా చూస్తే బాగుండునని ప్రాణం కొట్టుకునేది. ‘మామూలు’ అన్న మాటను ప్రేమగా పలికిన కార్డు ఒక్కటైనా దొరుకుతుందేమోనని వారమంతా చెవులు రిక్కించుకుని తిరిగింది. దొరకలేదు.

శనివారం పెద్దాయన ఏడు కార్డులూ వెనకా ముందూ తిప్పి మరీ చదివారు. కళ్లజోడు తీశారు.

“అన్నీ ఇంట్లోవాళ్లవే. నువ్వన్నది ఒక్కటీ లేదేమ్మా?”

“నేను అనలేదండీ.”

“వారమంతా?”

ఆలోచించింది. కూతురి ఎడమ చెప్పు మడమ దగ్గర అరిగింది. అత్తగారు మెట్టు దిగే ముందు కుడికాలికి కాసేపు నచ్చజెప్పుకుంటారు. భర్త ఏదైనా దాచాలనుకుంటే చొక్కా గుండీ తడుముకుంటాడు. ఇవన్నీ ఆమెకు తెలుసు, ఇన్నేళ్లుగా చూస్తూనే ఉంది.

“ఇంట్లో ఏదీ నాకు మామూలుగా కనిపించలేదండీ,” అంది.

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. “సోమవారం నుంచి ఆ కుర్చీలో కూర్చో. ఏడింటిదాకా వీలవుతుందా?”

ఇంట్లో అడిగి చెబుతానండీ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, “అవుతుందండీ” అంది.

ఆ సాయంత్రం విషయం చెప్పేసరికి భర్త పేపరు దించాడు. అత్తగారు టీవీ గొంతు తగ్గించారు.

“ఏడింటిదాకానా? మరి ఇల్లెలా నడుస్తుంది?” అన్నాడతను.

ఆమెకు నిజంగానే ఆశ్చర్యమేసింది. ఇన్నేళ్లలో అతను ఆ ప్రశ్న వేయడం ఇదే మొదలు.

“ఎలా నడుస్తుందో మీరెవరూ ఎప్పుడూ చూడలేదు కదండీ,” అంది. “సోమవారం నుంచి చూద్దురుగాని.”