పసుపు రంగు కింద ఇసుకరాయి

నేను ఒక ఇసుకరాయిని. గోదావరికి దగ్గర్లో, పెద్దపల్లి వైపు గుట్టలో పుట్టాను. ఇసుక పొర మీద పొర పేరుకుని గట్టిపడితే నేనయ్యాను. రాళ్లు కొట్టేవాళ్లు ఉలితో చీల్చి తీసి, నా లేత ఎరుపు చూసి మురిశారు. ఈ ఇంటి కోడలు చంద్రవ్వ. ఆమె మామ నన్ను బండి మీద తెచ్చి, తన ఇంటి తలుపు పైన గోడలో అడ్డంగా పెట్టించాడు. అప్పటి నుంచి ఈ ఇంట్లోకి ఎవరు రావాలన్నా నా కింద నుంచే రావాలి.

నాకొక అలవాటుంది. వానాకాలం నీళ్లు తాగుతాను, ఎండాకాలం వదిలేస్తాను. చంద్రవ్వ అత్త పండుగకు చేత్తో పసుపు పూసి బొట్లు పెట్టేది. అది నాకెప్పుడూ అడ్డం రాలేదు. చంద్రవ్వ కొడుకు ఓదెలుకు అంత ఓపికెక్కడిది? ఒకసారి కొడితే ఏళ్ల తరబడి ఉంటుందని పసుపు ఆయిల్ పెయింట్ దట్టంగా కొట్టించాడు. ఈ మనుషులు భక్తిని కూడా డబ్బాలో కొనుక్కుంటారు. తాగిన నీళ్లు బయటికి పోయే దారి లేక నాలోనే నిలిచాయి. పొరలు విడిపోవడం మొదలైంది. నాకు భయం వేసింది.

నా కోసం కాదు. చంద్రవ్వ రోజూ వెలుతురు కోసం సరిగ్గా నా కిందే, గడప దగ్గర కూర్చుని బీడీలు చుడుతుంది. హెచ్చరించడానికి నాకు నోరు లేదు, ఉన్నది ఇసుకే. రంగు పగిలిన చోటు నుంచి ఆమె చాటలోకి రాల్చాను. తునికాకు నిండా ఇసుకేనని విసుక్కుని, చాట దులుపుకుని మళ్లీ అక్కడే కూర్చుంది.

ఇంతలో ఆమె కూతురు స్వరూప కాన్పుకు వచ్చి ఆడపిల్లను కన్నది. పురుడు పండుగకు ఇల్లు కళకళలాడాలని ఓదెలు నా పగుళ్లలో సిమెంటు కూరి, పైన ఇంకో పూత కొట్టించాడు. ఇసుక రాలడం ఆగింది. చంద్రవ్వ తలెత్తి నన్ను చూసి నవ్వింది.

"ఇగ మంచిగైంది బిడ్డా. ఇసుక రాలుతలేదు. తొట్టెల ఈడనే కడుదాం, గాలొస్తది."

స్వరూప నా వైపు అనుమానంగా చూసింది. "నడుమల ఉబ్బినట్టున్నది గదనే అవ్వా."

రంగు ఇంకా పచ్చిగా ఉందని, ఆరితే అణుగుతుందని ఓదెలు తేల్చేశాడు. నాలోకి కొక్కెం దిగ్గొట్టాడు. చీరతో తొట్టెల కట్టి, పిల్లను పడుకోబెట్టారు.

చంద్రవ్వ జోల పాడుతూ ఊపుతోంది. ఊపిన ప్రతిసారీ కొక్కెం చుట్టూ నా పొరలు కదులుతున్నాయి. పసిదాని బుగ్గ మీద ఒక్క ఇసుక రేణువు రాల్చగలిగితే చాలు, చంద్రవ్వ విసుక్కుంటూ బిడ్డను ఎత్తుకునేది. రంగు రాలనివ్వడం లేదు.