అనధ్యాయం

శారదాంబకి వేదాంతం మీద మోజేమీ లేదు. భర్త పోయిన ఏడాది, బళ్లో పాఠాలు చెప్పి పెదబొడ్డేపల్లిలోని అద్దె వాటాకి వచ్చి తాళం తీస్తే, లోపలి నిశ్శబ్దం గుండె మీద కూర్చునేది. తనలో ఏడ్చే ఈ మనిషి ఎవరో, ఈ ఏడుపు ఎప్పటికి ఆగుతుందో తేల్చుకోవాలనే వర్ధనమ్మగారి గడప తొక్కింది.

వర్ధనమ్మగారు డెబ్భై దాటిన ఒంటరి మనిషి. తండ్రి నోటితో నేర్పిన వేదాంత వాక్యాల్ని నోటితోనే చెప్పేవారు, పుస్తకం లేదు. ఆవిడది మహా చాదస్తం. చెప్పిన వాక్యం మీద వినేవాళ్లకి సొంత సందేహం పుడితే తప్ప తరువాతిది చెప్పరు. శారదాంబ మొదటి వాక్యం పరీక్షకి చదివినట్టు గడగడా అప్పజెప్పింది.

"చిలకలా పలికావే. ఇందులో నీ గొడవేటి?" అన్నారావిడ. ఆ ఒక్క వాక్యంతోనే వానాకాలం గడిచిపోయింది.

అలా ఏళ్లు నడిచి, పంతొమ్మిది వందల డెబ్భై తొమ్మిది ఫాల్గుణానికి చివరి వాక్యం ఒక్కటే మిగిలింది. అది వింటే చాలు, సాయంత్రాలు తేలికవుతాయని శారదాంబ నమ్మకం. పిచ్చి నమ్మకమే, కానీ తనకి ఉన్నదల్లా అదే.

సరిగ్గా అప్పుడే అనధ్యాయాలు ఎక్కువయ్యాయి. పాడ్యమికీ అష్టమికీ పాఠం చెప్పకూడదని శాస్త్రం, ఉరిమినా చెప్పకూడదు. ఎండ కాస్తున్నా కొయ్యూరు కొండల మీద ఉరిమిందనేవారు వర్ధనమ్మగారు. "పాఠం లేకపోతే ఏటి, కూర్చో, కాఫీ తాగి వెళ్దువుగాని."

ఒకరోజు "ఇవాళ అష్టమి" అన్నారు. శారదాంబకి ఒళ్లు మండింది.

"నిన్ననే కదండీ ఇద్దరం ఏకాదశి ఉపవాసం ఉన్నాం! అష్టమెలా అవుతుంది? నాకా వాక్యం కావాలండీ. ఇంటికెళ్లాలంటే భయమేస్తోంది."

వర్ధనమ్మగారు గ్లాసు కింద పెట్టారు.

"చెప్పీస్తే రేపట్నుంచి ఎందుకొస్తావే?" అన్నారు. "నువ్వెళ్లాక ఈ ఇంట్లో నాతో మాటాడే దిక్కు లేదు."

ఆత్మకి తోడక్కర్లేదని ఇన్నేళ్లూ చెప్పిన మనిషి! శారదాంబకి ముందు మోసపోయినట్టనిపించింది. తరువాత ఆవిడ అన్న మాట అర్థమైంది. తను అక్కడ తాళం తీసే వేళకి ఈవిడ ఇక్కడ ఒక్కరే తలుపేసుకుంటున్నారన్న ఆలోచన ఇన్నాళ్లలో ఒక్కసారీ రాలేదు. సిగ్గేసింది. ఏడుపొచ్చింది, కానీ ఆ ఏడుపు తన కోసం కాదు.

వెళ్లిపోదామని లేచిన మనిషి మళ్లీ చాప మీద కూర్చుంది.

"పొరపాటు నాదేనండీ, ఇవాళ అష్టమే" అంది. "రేపు కూడా అష్టమేనేమో చూడండి."