తడి బూట్ల బాణీ

లుబ్లిన్ నుంచి కోపెన్‌హాగెన్ దాకా బస్సులో ఒక పగలు, ఓడలో ఒక రాత్రి ప్రయాణం చేసి వచ్చిన బోగ్నా విల్చాక్ కోరిక ఒక్కటే. సెవెరిన్ దొలాతా అనే పెద్దమనిషి మైకు ముందు నిలబడి, నలుగురూ వింటుండగా, ఈ బాణీ బోగ్నాది అని ఒక్కసారి అనాలి. అంతకు మించి ఏమీ అక్కర్లేదు. డెబ్బై రెండేళ్ళ వయసులో ఈ మాత్రం దానికి సముద్రం దాటి వెళ్ళాలా అని చెల్లెలు దెప్పింది. బోగ్నా వినిపించుకోలేదు.

ఆ బాణీ పుట్టింది పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిది చలికాలంలో, లుబ్లిన్‌లో ఆమె పియానో నేర్పే సంగీత పాఠశాలలో. మంచు కరిగి బురదైన వీధుల్లో నడిచి వచ్చి, బూట్లు విప్పి గది వెచ్చబెట్టే రేడియేటర్ మీద ఆరబెట్టి, అవి ఆరేలోపు ఏం చెయ్యాలో తోచక పియానో ముందు కూర్చుంది. బూట్లు ఆరాయి, బాణీ అయింది. "తడి బూట్లు" అని పేరు పెట్టింది. అప్పట్లో వాళ్ళ జాజ్ బృందంలో ఆమె పియానో, సెవెరిన్ సాక్సఫోన్. బాణీ మధ్య భాగం అతనికి ఎన్నిసార్లు చెప్పినా పట్టుబడేది కాదు. అక్కడికి రాగానే తాళంలో ఒక దెబ్బ మింగేసి జారిపోయేవాడు.

మూడేళ్ళ తరవాత కోపెన్‌హాగెన్ నుంచి బృందానికి పిలుపు వచ్చింది. ప్రభుత్వం నలుగురికి పాస్‌పోర్టులిచ్చింది, బోగ్నాకి ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో చెప్పే అలవాటు ఆ ప్రభుత్వానికి లేదు. వెళ్ళిన నలుగురిలో ముగ్గురు తిరిగొచ్చారు. సెవెరిన్ రాలేదు.

ఆ చలికాలమే బోగ్నా దేశంలో సైనిక పాలన పెట్టారు. కొట్లలో వెనిగర్ సీసాలు తప్ప ఏమీ దొరకని రోజులు. ఏడాది గడిచాక సెవెరిన్ దగ్గర్నుంచి ఒక పార్సిల్ వచ్చింది. అందులో కాఫీ పొడి, సబ్బులు, మేజోళ్ళు, అన్నిటికీ అడుగున ఒక గ్రామఫోన్ రికార్డు. రికార్డులో రెండో బాణీ పేరు "ఇంగెర్ కోసం". ఇంగెర్ అంటే అతను అక్కడ పెళ్ళాడిన అమ్మాయి. ముల్లు ఆనించిన అర నిమిషానికే బోగ్నాకి తన బూట్లు వినిపించాయి. అట్ట వెనక చూస్తే స్వరకర్త పేరు సెవెరిన్ దొలాతా. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అయినా ఆ కాఫీ తాగింది. కాఫీ పారబోసేంత రోషం ఆ ఏడాది దేశంలో ఎవరికీ లేదు.

నిలదీస్తూ ఉత్తరం రాసింది. జవాబు ఇంకో పార్సిల్‌తో కలిసి వచ్చింది. ఇక్కడ ఎవరికీ తెలియని పేరు వేస్తే కంపెనీవాళ్ళు ఒప్పుకోరు, సమయం వచ్చినప్పుడు నేనే చెబుతాను అని రాశాడు. ఆ సమయం నలభై ఏళ్ళుగా వస్తూనే ఉంది.

ఈ లోపల చెల్లెలి ఇంట్లో అది ఒక హాస్యకథ అయిపోయింది. రేడియోలో సాక్సఫోన్ వినిపిస్తే చాలు, మరిది ఫోర్కు పక్కన పెట్టి "ఇదీ నువ్వు రాసిందేనా వదినా" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నవ్వనిది చెల్లెలి కూతురు కలీనా ఒక్కతే. పదకొండేళ్ళుగా ఆ పిల్ల కోపెన్‌హాగెన్‌లో ఒక పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తోంది, డేనిష్ భాష అక్కడివాళ్ళంత బాగా మాట్లాడుతుంది. సెవెరిన్ కచేరీ ఉందని గోడమీద పోస్టరు చూసి, రెండు టిక్కెట్లు తీసి, పెద్దమ్మని రమ్మని పిలిచింది. నమ్మే మనిషి ఒకరున్నారన్న ధైర్యంతోనే బోగ్నా బయల్దేరింది.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి కచేరీ. కాలువ ఒడ్డున పాత గిడ్డంగి కింద నేలమాళిగలో క్లబ్బు. ఎనభై మంది పడతారు, తొంభై మంది కూర్చున్నారు.

"ముందు వరసలో ఖాళీ ఉంది, కూర్చుందామా పెద్దమ్మా?" అంది కలీనా.

"వద్దు. వాడికి కనపడితే చాలు. వాడి ఉమ్ము మీద పడక్కర్లేదు."

రెండో వరసలో సర్దుకున్నారు. పక్క బల్ల దగ్గర పసుప్పచ్చ స్కార్ఫు కట్టుకున్న ఒకావిడ రొట్టె మీద పరిచిన ఉప్పుచేపని చాకుతో చిన్న ముక్కలు చేసుకుని తింటోంది. వాద్యం మొదలవగానే చాకు కింద పెట్టేసింది. అక్కడి పద్ధతే అంత. వాయిస్తున్నంతసేపూ ఎవరూ పెదవి కదపకూడదు. గ్లాసు చప్పుడైనా నాలుగు తలలు వెనక్కి తిరుగుతాయి.

సెవెరిన్ జుట్టంతా తెల్లబడింది. పొట్ట మాత్రం రాలేదు, అది చూసి బోగ్నాకి ఇంకొంచెం మండింది. వాయించడం బాగానే వాయిస్తున్నాడు. ఆ సంగతి ఒప్పుకోకపోతే ఆమె సంగీతం టీచరే కాదు. ప్రతి బాణీకీ ముందు మైకు దగ్గరికి వచ్చి నాలుగు మాటలు చెబుతాడు, చివర్న ఒక పేరు పలుకుతాడు, జనం చప్పట్లు కొడతారు, అప్పుడు మొదలుపెడతాడు. డేనిష్ ఒక్క ముక్క రాకపోయినా ఆ పేర్లు ఎవరివో బోగ్నాకి తెలుసు. అవి ఆ బాణీలు కట్టినవాళ్ళ పేర్లు. జాజ్ వాయించేవాళ్ళలో అది మర్యాద. చచ్చిపోయి అర్ధశతాబ్దమైన అమెరికావాళ్ళ పేర్లు కూడా చెయ్యి గుండెల మీద పెట్టుకుని మరీ చెబుతున్నాడు. బతికున్నవాళ్ళ దగ్గరే వీడికి నోరు పెగలదు అనుకుంది.

మొదటి సగం అయ్యాక సెవెరిన్ బీరు కోసం కిందికి దిగాడు. బోగ్నా లేచి ఎదురెళ్ళింది. కలీనా వెనకాలే వెళ్ళింది. రెండు క్షణాలు అతను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక మొహం మీదికి ఒక నవ్వు వచ్చింది.

"ఏమే బోగ్నా, నువ్వేనా? బతికే ఉన్నావా?"

"నువ్వు పంపిన కాఫీ అంత గట్టిది."

అతను గట్టిగా నవ్వి, రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టాడు. "ఏం మారలేదే నువ్వు. అదే నోరు."

"నువ్వూ మారలేదు. మధ్య భాగంలో ఇంకా దెబ్బ మింగుతూనే ఉన్నావా?"

"ఇంకా పంతులమ్మవే అన్నమాట."

"రెండో సగంలో దాన్ని వాయిస్తావా?"

"దేన్ని?"

"దేన్ని అంటావేమిట్రా."

సెవెరిన్ బీరు నురగలోకి చూశాడు. "వాయించకపోతే ఈ ఊరివాళ్ళు నన్ను మెట్లెక్కనివ్వరు. ఆఖర్న వాయిస్తాను."

"అయితే నా పేరు చెప్పు. ఈ జనం ముందు. పేపర్లకి ఎక్కను, కోర్టుకి ఎక్కను. ఆ ఉత్తరం తరవాత నలభై ఏళ్ళు అడగలేదు, ఇంకెప్పుడూ అడగను. ఒక్కసారి నా పేరు చెప్పు, చాలు."

బోగ్నా గొంతు వణికింది. వణకకూడదని ఓడ మీద వచ్చినంతసేపూ సాధన చేసింది, అయినా వణికింది. సెవెరిన్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"చెబుతానే. నువ్వు ఎదురుగా కూర్చుంటే నీ పేరు చెప్పకుండా ఎలా మొదలుపెడతాను? మాటిస్తున్నా. ఇదుగో, ఈ అమ్మాయి సాక్షి."

అతను వెళ్ళిపోయాక కలీనా అంది, "మంచాయనలాగే ఉన్నాడు పెద్దమ్మా."

"సాక్సఫోన్‌వాళ్ళు అందరూ అలాగే ఉంటారు. లోపలంతా గాలి." అలా అందే గానీ, ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. కుర్చీలో కూర్చున్నాక చేతిసంచీలోంచి దువ్వెన తీసి జుట్టు సరిచేసుకుంది. కలీనా అది చూడనట్టు నటించింది.

రెండో సగంలో ఏం వాయించారో బోగ్నా చెవికి ఎక్కలేదు. చివరికి సెవెరిన్ మైకు దగ్గరికి వచ్చి, వాద్యాన్ని పక్కన పెట్టి, మాట్లాడటం మొదలుపెట్టాడు. మిగతావాటికన్నా ఎక్కువసేపే మాట్లాడాడు. అందులో లుబ్లిన్ అన్న మాట వినిపించింది, పియానో అన్న మాట వినిపించింది, ఇంగెర్ అన్న పేరు వినిపించింది. ఒకచోట జనం మెల్లగా నవ్వారు. ఆ తరవాత అతను కుడి చెయ్యి చాపి రెండో వరస వైపు చూపించి, మాటల చివర్న, ఆ సాయంత్రమంతా స్వరకర్తల పేర్లు పలికిన చోటే, అదే వరసలో, విడమరిచి పలికాడు: "బోగ్నా విల్చాక్."

బోగ్నా లేచి నిలబడింది. ఆమె లేచింది అనడం కంటే ఒళ్ళే లేచింది అనాలి. బృందంలో నాయకుడు పేరు పిలిస్తే కూర్చున్నవాళ్ళు లేచి, ఎడమచెయ్యి పియానో మీద ఆనించి, తల వంచి, మళ్ళీ కూర్చోవడం కుర్రతనంలో అలవాటైన పని. పేరు వినపడ్డాక ఆలోచించి లేచే వాయిద్యగాడు ఎక్కడా ఉండడు. ఇక్కడ పియానో లేదు కాబట్టి బల్ల మీద చెయ్యి ఆనించింది. తల వంచింది. తొంభై మందీ చప్పట్లు కొట్టారు. స్కార్ఫు ఆవిడ చెయ్యి చాపి బోగ్నా వేళ్ళు నొక్కింది. సెవెరిన్ వేదిక మీంచి ఆమె వైపు కళ్ళు మూసి తెరిచాడు, మాట నిలబెట్టుకున్నాను చూశావా అన్నట్టు.

అప్పుడు బాణీ మొదలైంది. ఏడు నిమిషాలు నడిచింది. ఆ ఏడు నిమిషాలూ బోగ్నా జీవితంలో అన్నిటికంటే మంచివి. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. మధ్య భాగం దగ్గర సెవెరిన్ ఎప్పట్లాగే దెబ్బ మింగి జారిపోయాడు. పోనీలే అనుకుంది. నలభై ఏళ్ళ పగ ఇంత తేలిగ్గా పోతుందని తెలిస్తే ముందే వచ్చేదాన్ని కదా అనుకుంది. మరిది మొహం ఎలా ఉంటుందో ఊహించుకుని లోలోపల నవ్వుకుంది. పక్కన కలీనా బల్ల మీది గ్లాసుని చూస్తూ బిగదీసుకుని కూర్చుంది. పాపం పిల్ల కదిలిపోయింది అనుకుని బోగ్నా దాని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. వాద్యం నడుస్తుండగా మాట్లాడకూడదు కాబట్టి ఇద్దరూ మాట్లాడుకోలేదు.

ఆఖరి స్వరం అయిపోయింది, చప్పట్లయ్యాయి, దీపాలు వెలిగాయి.

"విన్నావా? చెప్పాడు," అంది బోగ్నా. "పేరు, ఇంటిపేరు, రెండూ చెప్పాడు. ముందు మీ అమ్మకి ఫోన్ కలుపు."

"పెద్దమ్మా."

"కలపవే. మీ నాన్నని కూడా పిలవమను."

"పెద్దమ్మా, ఆయన చెప్పింది అది కాదు."

బోగ్నా ఆ పిల్ల మొహం వైపు చూసింది. కలీనా గొంతు తగ్గించి, ఒక్కో మాటా ఏరి పెట్టినట్టు చెప్పింది.

"లుబ్లిన్‌లో చిన్నప్పుడు ఒక టీచరమ్మ గదిలో, రెండు మెట్లు పలకని పియానో మీద ఈ బాణీ కట్టానన్నాడు. అప్పటికి ఇంగెర్ ఎవరో తెలియదట, అయినా బాణీకి ముందే తెలుసేమో అన్నాడు. అప్పుడే నవ్వారు అందరూ. ఆ టీచరమ్మ ఎంతో ఓపిగ్గా పక్కన కూర్చుని వినేదట. దీన్ని లోకంలో మొట్టమొదట విన్న మనిషి ఇవాళ మన మధ్యన ఉంది అని, నీ పేరు చెప్పాడు."

బోగ్నా తల తిప్పి చూసింది. వేదిక మీద సెవెరిన్ వాద్యాన్ని గుడ్డతో తుడుస్తూ ఎవరితోనో నవ్వుతున్నాడు. పేరు చెప్పమంది, చెప్పాడు. ఏమని చెప్పాలో చెప్పలేదు తను. నలభై ఏళ్ళకొకసారి అడిగే నోరు అది కూడా సరిగ్గా అడగలేకపోయింది. అవమానం కంటే ముందు ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంతలో స్కార్ఫు ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని, కళ్ళు మెరుస్తుండగా ఏదో అడిగింది.

"ఏమంటోంది?"

"ఆయన బాణీ కడుతుంటే పక్కన కూర్చుని చూడటం ఎలా ఉండేది అని అడుగుతోంది."

"అది నాదని చెప్పు. నేను కట్టానని చెప్పు."

కలీనా ఆవిడ వైపు చూసింది, మళ్ళీ పెద్దమ్మ వైపు చూసింది.

"చెప్పవేం?"

"లేచి నిలబడి తల వంచావు కదా పెద్దమ్మా," అంది మెల్లగా. "ఆయన అన్నదంతా విని, అవునన్నట్టు. అందరూ చూశారు. ఇప్పుడు కాదంటే ఈవిడ ఏమని నమ్ముతుంది?"

"ఈవిడ సంగతి వదిలెయ్. నువ్వు?"

"నేనా?"

"నువ్వే. నువ్వు నమ్ముతున్నావా?"

"నమ్ముతాను," అంది కలీనా.

కానీ వెంటనే అనలేదు. మధ్యలో కాస్త ఆగింది. మరొకరైతే ఆ ఆగడాన్ని గమనించేవాళ్ళు కూడా కాదు. నలభై ఏళ్ళు పిల్లల పక్కన కూర్చుని, ఎక్కడ ఎంతసేపు ఆగాలో వేళ్ళ మీద లెక్కపెట్టి నేర్పిన బోగ్నాకి అది ఎంతసేపో, ఎందుకో తెలిసింది.

"కోటు అందివ్వు," అంది. "మీ అమ్మకి ఫోన్ చెయ్యక్కర్లేదులే."