ఆరో అధ్యాయంలో మంచు

చిలకలూరిపేటలో డిగ్రీ కాలేజీ పాఠాలు ముగించుకుని, సాయంత్రం బస్సు దిగి ఖలీల్ మాష్టారు ఊళ్లోకి నడుస్తుంటే, దారికి రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు పరిచి ఉన్నాయి. తొడిమలు తీస్తున్న ఆడవాళ్లు తలెత్తి రోజూ అడిగే మాటే అడిగారు.

"మాష్టారూ, పుస్తకం తెరవట్లేదు కదండీ?"

"లేదమ్మా, పెట్టెలోనే ఉంది," అన్నాడాయన, రోజూ చెప్పినట్టే.

ఆ పుస్తకం తెరిస్తే మంచు పడుతుంది. ఇంట్లో చలి పుడుతుంది, ఇంటి చుట్టూ నాలుగు కల్లాల మేర తెల్లగా మంచు కురుస్తుంది. ఆరబోసిన కాయకి తడి తగిలితే నల్లమచ్చ వస్తుంది. ఊరివాళ్లకి ఆ పుస్తకం గురించి తెలిసిందీ, తెలుసుకోవాలనుకున్నదీ అంతవరకే.

రాసింది గ్రిగోరె బ్రాదియాను అనే రుమేనియా చరిత్రకారుడు. ఊళ్లో ఆయన పేరు బ్రాదయ్య. ఇరవై రెండేళ్ల కిందట పీహెచ్‌డీకి వెళ్లినప్పుడు మాష్టారు కొండవీడు కోట మీద చేస్తానన్నాడు. కొండవీడంతా అప్పటికే వేరే వాళ్లు పంచేసుకున్నారు. గైడు గారు బీరువా అడుగు నుంచి ఈ పుస్తకం ఇంగ్లీషు అనువాదం తీసి, "రుమేనియా చరిత్రకారులూ, వాళ్లు వదిలి వెళ్లిన విద్యా" అని అంశం రాసేశారు. ఒప్పుకోకపోతే సీటు లేదు. రాజుల గొప్పలు రాసినవాళ్లూ, ఆ గొప్పలకి ఆధారమేదని నిలదీసినవాళ్లూ, నిలదీసి జైలుకెళ్లినవాళ్లూ, అందరి గురించీ మాష్టారు రాసేశాడు. మిగిలింది బ్రాదయ్య పుస్తకంలో ఆరో అధ్యాయం ఒక్కటే.

ఒక్క అధ్యాయానికి ఇన్నేళ్లా అని యూనివర్సిటీ వాళ్లు అడిగారు. వాళ్లకేం తెలుసు? జనవరి నుంచి ఏప్రిల్ దాకా కల్లాల మీద మిరప. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నారుమళ్లూ, లేత మొక్కలూ. అక్టోబరు నుంచి పగిలిన పత్తి. ఈ నేల మీద ఎప్పుడూ ఎవరిదో ఒక పంట మంచు తగలకూడని స్థితిలోనే ఉంటుంది. మిగిలింది మే నెల. మే నెలలో పేపర్లు దిద్దే డ్యూటీ. ఆ కాస్త వ్యవధిలో పుస్తకం తీస్తే, చల్లగా ఉందని ఊరు ఊరంతా చాపలు తెచ్చుకుని ఆయన వరండాలో పడుకునేది. ఆ గురకల్లో ఐదు అధ్యాయాలు పూర్తి కావడమే ఎక్కువ.

పైగా అధ్యాయం అధ్యాయానికీ మంచు ముదురుతుంది. ఐదోదానిలో మిగిలిన చివరి రెండు పేజీల కోసం తెరిచినప్పుడు మోకాలి లోతు పడింది. అది ఫిబ్రవరి. ఎవరికీ చెప్పకుండా పది నిమిషాలు తెరిచాడు. పక్క కల్లంలో చెంచయ్య కాయంతా మచ్చలు పడి తాలైపోయింది. చెంచయ్య ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని మాష్టారు ఇప్పటికీ అనుకుంటాడు. ఆ రోజు నుంచి పెట్టెకి తాళం.

ఈసారి యూనివర్సిటీ నుంచి చివరి ఉత్తరం వచ్చింది. ఏప్రిల్ పదిహేను లోపల సమర్పించకపోతే రిజిస్ట్రేషన్ రద్దు.

"పోనివ్వండి," అంది భార్య జైతున్‌బీ. "వచ్చే ఏడు రిటైరైపోతారు. ఇప్పుడు డాక్టరు అయితే ఎవరికి మందులిస్తారు?"

ఆయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నిజానికి ఆయనా వదిలేశాడు. కానీ జీవితంలో మొదలుపెట్టిన ఒకే ఒక్క పని సగంలో పోతోందన్న బాధ మాత్రం ఉంది. అన్నం సహించడం లేదు.

తొమ్మిదో తారీఖు పొద్దున్నే సుబ్బరావమ్మ వచ్చింది. చెంచయ్య దగ్గర రెండెకరాలు కౌలుకి చేస్తుంది. మొగుడు పోయాక ఒంటరిగా చేసిన మూడో పంట. వరండా మెట్టు మీద కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"నల్లపాడు నుంచి పేట దాకా తిరిగానండీ. ఏ ఏసీ గోడౌన్లోనూ ఖాళీ లేదంట. మిర్చి యార్డులో రేటు చూస్తే కోత కూలి కూడా రాదు. బయట పెడితే ఈ ఎండకి రంగు పోద్ది. కౌలు కట్టలేకపోతే చెంచయ్య గారు పొలం ఇంకొకళ్లకి ఇచ్చేస్తానన్నారు."

"నన్నేం చెయ్యమంటావమ్మా?"

"పుస్తకం తెరవండి."

మాష్టారు ఆమె వైపు తెల్లబోయి చూశాడు. ఇరవై రెండేళ్లలో ఆ ఊళ్లో ఆ మాట అన్నది ఆమె ఒక్కతే.

"అరవై టిక్కీలండి. బస్తా మీద బస్తా వేస్తే మీ ముందు గదిలో పట్టేస్తాయి. రేటు లేచిందాకా మీరు చదూతా ఉండండి, ఆ చలికి కాయ రంగు పోదు. చుట్టుపక్కల కల్లాల వాళ్లనీ అడిగాను. రేపటికల్లా కాయ ఎత్తేస్తామన్నారు."

ఎత్తేశారు. వేళ్లు మంటలు పుట్టేలా అందరూ కలిసి ఎత్తారు. పదో తారీఖు మధ్యాహ్నానికి అరవై టిక్కీలూ గోడ వారన చేరాయి. జైతున్‌బీ పెట్టెలోంచి రగ్గు తీసి, ఘాటుకి తుమ్ముతూనే ఆయన భుజాల మీద కప్పింది. మాష్టారు ఆరో అధ్యాయం తెరిచాడు.

బయట ఎండ కాసేపు అలాగే ఉండి, తర్వాత లేకుండా పోయింది. చప్పుడు లేకుండా మంచు దిగింది. సిరా గడ్డకట్టకుండా కలాన్ని చంకలో పెట్టుకుని వెచ్చబరుచుకుంటూ నాలుగు రోజులు రాశాడాయన. సుబ్బరావమ్మ గోనెసంచి కప్పుకుని కాయల పక్కనే కూర్చుంది.

"ఏం రాశాడండీ బ్రాదయ్య?" అంది నాలుగో రోజు.

మాష్టారు చెప్పాడు. బ్రాదయ్యని జైల్లో వేశారు. కాగితాలన్నీ తగలబెట్టారు. గదిలో ఇంకా ఆరుగురు ఖైదీలు. ఆయన రోజూ తన చరిత్ర నోటితో చెప్పి, ఒక్కో అధ్యాయం ఒక్కొక్కరికి అప్పజెప్పాడు. చలికాలం దాటకుండానే చనిపోయాడు. విడుదలయ్యాక ఆ ఆరుగురూ చెబుతుంటే ఎవరో రాసుకున్నారు. ఆరో అధ్యాయం మోసుకొచ్చింది ఒక రైతు. చదువు రాదు. ఒక్క మాట కూడా జారవిడవలేదు.

"ఆయన పేరేంటండీ?"

మాష్టారు పేజీ మళ్లీ వెతికాడు. మిగతా ఐదుగురి పేర్లూ ఉన్నాయి. అక్కడ మాత్రం 'ఒక రైతు' అని ఉంది.

"లేదమ్మా."

"అంతేలెండి," అంది సుబ్బరావమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. "మోసింది ఆయన, పేరు ఇంకొకళ్లది. నా కాయ కూడా మూడేళ్ల నుంచీ చెంచయ్య గారి పేరు మీదే యార్డుకెళ్తోంది. పొలం పాస్‌బుక్కు ఆయనది కదా."

మాష్టారు కాగితాలు మళ్లీ ముందుకి లాక్కున్నాడు. తెలియని పేరు చరిత్రకారుడు కల్పించి రాయకూడదు. అది ఆయనకి వచ్చిన విద్యలో మొదటి పాఠం. అందుకని సిద్ధాంత వ్యాసంలో 'పేరు నమోదు కాలేదు' అని మాత్రమే రాసి ముగించాడు. తర్వాత లేచి, కుంచె, రంగు డబ్బా తెమ్మన్నాడు. కొంకర్లు పోయిన వేళ్లతో ఒక్కో టిక్కీ మీదా ఆమె పేరు రాశాడు, అరవై సార్లు. రాస్తున్నంతసేపూ ఆయన కళ్లు కారుతూనే ఉన్నాయి. కాయ ఘాటని జైతున్‌బీ అనుకుంది.

పదిహేనున ఆయన వ్యాసం పట్టుకుని యూనివర్సిటీకి వెళ్లాడు. గుమాస్తా తూకం చూసినట్టు చేత్తో ఎత్తి చూసి, ముద్ర కొట్టి ఇచ్చాడు. పుస్తకం మాత్రం ఇంట్లో ఆరో అధ్యాయం దగ్గర తెరిచే ఉంది.

శ్రావణంలో రేటు లేచింది. ఆ ఏడు నారు ఎవరి దొడ్లో వాళ్లు కాకుండా మంచు తగలని చోట, ఊరి అవతల పోసుకున్నారు. సుబ్బరావమ్మ లారీతో పాటే గుంటూరు యార్డుకి వెళ్లింది. అప్పుడే కోసినట్టున్న కాయని విరిచి చూసి, వ్యాపారి టిక్కీ మీది పేరు పైకి చదివాడు.

"సుబ్బరావమ్మ ఎవరు?"

చుట్టూ మగవాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. అతను రెండోసారి గట్టిగా పిలిచిందాకా ఆమె కూడా వాళ్లతో పాటు అటూ ఇటూ చూసింది.

"నేనేనండీ," అంది.