మూడో పిలుపు

ప్రద్యుమ్న పోయింది రెండువేల ఏడు నవంబరులో. తెల్లవారుతుండగా, కాశీబుగ్గలో మా ఇంట్లోనే. కవిటి వైపు ఇంటికొకరిని తీసుకుపోతున్న కిడ్నీ జబ్బే అతన్నీ తీసుకుపోయింది. ఆ రోజే టెక్కలి కోర్టులో హిజ్రా నీలమ్మ కేసు వాయిదా.

అతను లాయరు, నేను బడిపంతులిని. పదహారేళ్ళు కలిసి బతికాం. అడిగినవాళ్ళకి నేను అతని ఇంట్లో అద్దెకున్న మాస్టారిని. హిజ్రాల మీద, మాలాంటి మగవాళ్ళ మీద పోలీసు కేసు పడితే ఫీజు లేకుండా వాదించేవాడు. తన వాటా కొబ్బరితోట మీద వచ్చిందంతా వాళ్ళ మందులకీ, మా ముందుగదిలో వాళ్ళ భోజనాలకీ పెట్టాడు. చివరికి ఇల్లు కూడా వాళ్ళ సంఘానికే రాశాడు. వాయిదాకి ఎవరూ ఒంటరిగా వెళ్ళకూడదన్నది అతని నియమం.

అతని సొంతూరు కవిటి నుంచి అన్న సన్యాసి వ్యాను తెచ్చాడు.

"మజ్జాన్నమే దహనం. మీరు రండి మాస్టారూ. ఆళ్ళు మాత్రం వద్దు" అన్నాడు, నీలమ్మ వైపు చూడకుండా.

బస్టాండులో గొడవ చేసిందని నీలమ్మ మీద కేసు. పోలీసులు అమ్మానాన్నలు పెట్టిన పేరే రాశారు, ఎల్లాజీ అని. కోర్టులో నీలమ్మ అనే పిలవాలని ప్రద్యుమ్న పిటిషన్ వేశాడు.

"బతికున్నన్నాళ్ళూ ఫీజడగనేదు. పోయినరోజు పని సెప్తన్నాడు సూడండి" అంది నీలమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "నానెల్లకపోతే వారంటట. మీరు కవిటెల్లండి మాస్టారూ. నానొక్కర్తినీ ఎల్లొస్తాను."

ఎటు వెళ్ళాలో తేల్చుకోవడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. వ్యాను కవిటి వైపు కదిలింది. నేను నీలమ్మతో టెక్కలి బస్సెక్కాను.

తోటి లాయరు పోతే ఆ రోజు లాయర్లెవరూ వాదించరు. అన్ని కేసులూ వాయిదా పడతాయి. అయినా బంట్రోతు మూడుసార్లు పిలిచేలోగా ముద్దాయి పలకాల్సిందే. హాల్లో అందరూ లేచి కాసేపు మౌనంగా నిలబడ్డారు. తర్వాత బంట్రోతు కామేశ్వరరావు పిలిచాడు.

"ఎల్లాజీ!"

నీలమ్మ కదల్లేదు. రెండోసారి పిలిచాడు.

"లే నీలమ్మా" అన్నాను.

"నెగను మాస్టారూ. నీది కాని పేరుకి నెగొద్దు, నాను సూసుకుంటానన్నాడు బాబు."

చూసుకుంటానన్న మనిషి కుర్చీ ఖాళీగా ఉంది. దాని పక్కనుంచి అతని జూనియరు ఇందుమతి లేచింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి.

"మూడోసారి నీలమ్మ అని పిలిపించండి సార్."

"దాని మీద ఆర్డరు ఇంకా ఇవ్వలేదమ్మా. పైగా ఈ రోజు మీరు వాదించరు కదా?" అన్నారు మేజిస్ట్రేటు.

"వాదించడం లేదు సార్. పిలవమంటున్నాను."

ఆయన కాసేపు ఆ ఖాళీ కుర్చీకేసి చూసి, బంట్రోతుకి తలూపారు. నీలమ్మ ఎదురుగానే ఉన్నా కామేశ్వరరావు అలవాటు కొద్దీ గుమ్మం దాకా వెళ్ళి, వరండా అంతా వినపడేలా పిలిచాడు.

"నీలమ్మా!"

"ఉన్నానండీ బాబూ!"

మేం బయటికొచ్చాక గుమ్మం దగ్గర కామేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "నీ మూలాన గొంతు పట్టీసింది."

"ఇంకో రెండు వాయిదాలకి అలవాటైపోద్దిలే బావా!"

వరండాలో వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. కవిటిలో అప్పటికి చితి అంటించి ఉంటారు.

ఏడాదైంది. ఇప్పుడు ప్రద్యుమ్న కేసులన్నీ ఇందుమతి చూస్తోంది. ముందుగదిలో భోజనాలు ఒక్కపూట కూడా ఆగలేదు. నీలమ్మ పేరు మీద ఆర్డరు ఇంకా రాలేదు. నేను కవిటి ఇంకా వెళ్ళలేదు.